మీ ఊరి నడిమి ఇంటి ఆదాయము: లెక్క కట్టు పద్ధతి



"మన ఊరు పదేండ్ల నాటికంటె బాగుపడినదా?" అని అడిగినచో రచ్చబండ వద్ద ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చెప్పుదురు. కొత్త మిద్దెలను, ట్రాక్టర్లను చూపి బాగుపడినదనువారు కొందరు. వలసపోయిన వారి ఇండ్లకు వేసిన తాళములను చూపి చెడినదనువారు కొందరు. ఇరువురు చెప్పునదియు కంటికి కనబడునదే. కాని ఊరిలోని సామాన్యపు ఇంటికి ఏటా ఎంత వచ్చుచున్నది, అది పెరుగుచున్నదా తరుగుచున్నదా అను సంగతి లెక్క కట్టిననే గాని తేలదు.

ఈ లెక్కతో మనకు పనియేమి అని అనుకొనరాదు. గ్రామ పంచాయతీ ఏటా అభివృద్ధి ప్రణాళిక తయారుచేయును. చెరువు పూడిక తీయించుట మేలా, పాడి పశువులకు రుణములు ఇప్పించుట మేలా, కూలి పనులు పెంచుట మేలా అను ప్రశ్న వచ్చినప్పుడు, ఊరిలో ఎక్కువమంది బ్రదుకు దేనిపై నడుచుచున్నదో తెలియవలెను. తప్పుడు లెక్క పట్టుకొని "ఈ ఊరు బాగానే ఉన్నది" అని వ్రాసుకొన్నచో, నష్టపోవునది లెక్కలో కనబడని చిన్న రైతు, కౌలుదారు, కూలివాడు.

సగటు ఎందుకు చాలదు?

ఒక వీధిలో 9 ఇండ్లు ఉన్నవనుకొనుడు. వాటి సంవత్సరాదాయములు వేల రూపాయలలో 48, 60, 72, 84, 90, 108, 120, 150, 708. కడపటి ఇంటివారికి ఇరువది ఎకరముల మాగాణియు, రైస్ మిల్లులో వాటాయు కలవు. అన్నిటిని కూడినచో 1,440 వేలు. 9 చేత భాగించినచో సగటు 1,60,000 రూపాయలు. కాని ఆ వీధిలో 8 ఇండ్ల ఆదాయము ఈ సగటుకంటె తక్కువే. అనగా సగటు చెప్పిన సొమ్ము ఆ వీధిలో ఏ సామాన్యపు ఇంటిలోను లేదు.

ఇప్పుడు అదే ఇండ్లను తక్కువ నుండి ఎక్కువకు వరుసగా నిలబెట్టి, సరిగ్గా నడుమ నున్న ఐదవ ఇంటిని చూడుడు. దాని ఆదాయము 90,000 రూపాయలు. నాలుగిండ్లు దీనికి క్రింద, నాలుగిండ్లు దీనికి పైన. దీనినే మధ్యగతము అందురు. మీ ఇంటిలో పదవ తరగతి చదువు పిల్లవాడున్నచో వాని గణితపు పుస్తకములో ఈ పాఠము కనబడును.

కొంతకాలమునకు పెద్ద ఇంటి ఆదాయము 708 వేల నుండి 1,068 వేలకు పెరిగినదనియు, తక్కిన 8 ఇండ్ల ఆదాయము ఒక్క రూపాయి కూడ కదలలేదనియు అనుకొనుడు. సగటు 1,60,000 నుండి 2,00,000 రూపాయలకు, అనగా నూటికి 25 వంతులు పెరుగును. మధ్యగతము మాత్రము 90,000 వద్దనే నిలిచియుండును. "వీధి బాగుపడినది" అని సగటు చెప్పును. "సామాన్యపు ఇల్లు ఉన్నచోటనే ఉన్నది" అని మధ్యగతము చెప్పును. ఈ రెండింటిలో మనకు కావలసినది రెండవ మాట.

దేశపు లెక్కల నుండి నేర్చుకొనవలసినది

వ్యవసాయ కుటుంబముల ఆదాయముపై జాతీయ నమూనా సర్వే సంస్థ మూడు పెద్ద సర్వేలు జరిపినది. నెలకు సగటు ఆదాయము 2002-03లో 2,115 రూపాయలు, 2012-13లో 6,426 రూపాయలు, 2018-19లో 10,218 రూపాయలుగా తేలినది. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూచువారు నాలుగు సంగతులు గుర్తుంచుకొనవలెను.

మొదటిది, ఇవి సగటులు. 2012-13లో 10 హెక్టార్లకు పైబడిన కమతము గల కుటుంబమునకు నెలకు 41,388 రూపాయలు వచ్చినది. ఇట్టి కుటుంబములు కొద్దియైనను సగటును పైకి లాగును.

రెండవది, ఏ ఏడు లెక్కించితిమి అనునది. 2002లో దేశమున నైరుతి వానలు మామూలుకంటె సుమారు 19 శాతము తక్కువగా కురిసినవి. కరవు ఏటిని మొదటి మెట్టుగా తీసికొన్నచో తరువాతి పెరుగుదల ఉన్నదానికంటె ఎక్కువగా కనబడును.

మూడవది, లెక్క పద్ధతి. 2018-19లో చేతి నుండి పెట్టిన ఖర్చులను మాత్రమే తీసివేసినచో వచ్చినది 10,218 రూపాయలు. సొంత విత్తనము, ఇంటివారి శ్రమ మొదలగువాటికి కూడ విలువ కట్టి తీసివేసినచో అవే కుటుంబములకు 8,337 రూపాయలు. ఇండ్లు అవే, ఏడు అదే, అంకె మాత్రము వేరు. కావున ఒక ఏడు ఒక పద్ధతి, మరియొక ఏడు వేరొక పద్ధతి వాడి పోల్చరాదు.

నాలుగవది, ఆదాయము ఎక్కడి నుండి వచ్చినది అనునది. 2012-13లో నెలసరి ఆదాయములో పంటల వలన 3,081 రూపాయలు, కూలి జీతముల వలన 2,071 రూపాయలు వచ్చినవి. 2018-19లో పంటల వలన 3,798, కూలి జీతముల వలన 4,063 రూపాయలు. మొత్తము ఆదాయము 59 శాతము పెరిగినను పంట ఆదాయము 23 శాతమే పెరిగినది. ఆ ఆరేండ్లలో ధరలు అంతకంటె ఎక్కువగా పెరిగినందున, పంట ఆదాయము నిజ విలువలో తగ్గినదనియే చెప్పవలెను. మొత్తము ఒక్కటే చూచువారికి ఈ సంగతి కనబడదు.

ఔరేపల్లె పాఠము

ఒక ఊరి ఆదాయములను ఏండ్ల తరబడి వ్రాసిన ఉదాహరణ మన ప్రాంతముననే కలదు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ 1975లో కొన్ని మెట్ట గ్రామములను ఎన్నుకొని కుటుంబముల లెక్కలు వ్రాయుట మొదలుపెట్టినది. అందులో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లె, దోకూర్ గ్రామములున్నవి. ఒక్కొక్క ఊరిలో 40 ఇండ్లను తీసికొనిరి. భూమిలేని కూలివారు 10, చిన్న రైతులు 10, మధ్య రైతులు 10, పెద్ద రైతులు 10. లెక్క వ్రాయువారు ఊరిలోనే కాపురముండి, మూడు నాలుగు వారములకొకసారి ప్రతి ఇంటికి పోయి వ్రాసికొనిరి. ఏడాదికొకసారి పోయి అడిగినచో పోయిన వేసవిలో చేసిన కూలి దినములు ఎవరికి జ్ఞాపకముండును? 1980 దశకము నడుమ ఆగిన ఈ పని 2001-02లో తిరిగి మొదలై, 2009 నుండి మరికొన్ని రాష్ట్రముల గ్రామములకు విస్తరించినది.

ఇందులో మనము గమనించవలసిన మెలిక ఒకటి కలదు. ఊరిలో పెద్ద రైతులు తక్కువ, కూలివారు ఎక్కువ. కాని లెక్కలో ఇరువురును పదేసి ఇండ్లే. ఈ 40 ఇండ్లను వరుసలో నిలబెట్టి నడిమి ఇంటిని తీసికొన్నచో అది ఊరి నడిమి ఇల్లు కాదు. ఉదాహరణకు 410 ఇండ్ల ఊరిలో కూలివారు 160, చిన్న రైతులు 150, మధ్య రైతులు 70, పెద్ద రైతులు 30 ఇండ్లు అనుకొనుడు. తరగతికి పదేసి ఇండ్లను ఎన్నుకొన్నచో, లెక్కలోని ఒక్కొక్క కూలి ఇల్లు ఊరిలో 16 ఇండ్లకు బదులు నిలుచును. చిన్న రైతు ఇల్లు 15 ఇండ్లకు, మధ్య రైతు ఇల్లు 7 ఇండ్లకు, పెద్ద రైతు ఇల్లు 3 ఇండ్లకు మాత్రమే బదులు నిలుచును. ఆదాయము ప్రకారము వరుస పేర్చి, ఒక్కొక్క ఇంటికి ఎదురుగా ఈ అంకెను వేసి క్రింది నుండి కూడుచు రావలెను. కూడిక 205 దాటిన చోట ఉన్న ఇల్లే ఊరి నడిమి ఇల్లు.

ఇండ్లను ఎన్నుకొను విధము

మీ ఊరిలో చేయదలచినవారికి ఇంతకంటె సులభమైన మార్గము కలదు. ముందుగా ఊరిలోని ఇండ్ల జాబితా వ్రాయవలెను. పంచాయతీ ఇంటిపన్ను జాబితా ఇందుకు పనికివచ్చును గాని, అందులో చేరని గుడిసెలు, తండాలు, కొట్టములలో కాపురమున్నవారిని తప్పక చేర్చవలెను. వారిని వదలినచో నడిమి ఇల్లు పైకి జరుగును. ఒక్క పొయ్యిమీద వండుకొని తినువారిని ఒక కుటుంబముగా ఎంచవలెను.

జాబితాలో 410 ఇండ్లున్నచో, 1 నుండి 10 వరకు అంకెలు వ్రాసిన చీటీలలో ఒకటి తీయవలెను. 7 వచ్చినచో 7, 17, 27 ఇట్లు ప్రతి పదవ ఇంటిని తీసికొన్నచో 41 ఇండ్లు వచ్చును. "ఆ ఇంటివారు చదువుకొన్నవారు, చక్కగా చెప్పుదురు" అని ఎన్నిక మార్చరాదు. తలుపు తాళము వేసియున్నచో మరునాడు పోవలెను. వలసపోయినచో పండుగకు వచ్చినప్పుడు అడుగవలెనే గాని పక్క ఇంటిని వ్రాసికొనరాదు. వలసపోయిన ఇండ్లన్నియు జారిపోయినచో లెక్క వంకరపోవును.

ఆదాయములో ఏవి చేర్చవలెను?

"మీ ఆదాయమెంత?" అని సూటిగా అడిగినచో సరియైన జవాబు రాదు. రేషను కార్డు పోవునేమో అని కొందరు తక్కువ చెప్పుదురు. అప్పు పుట్టదేమో అని కొందరు ఎక్కువ చెప్పుదురు. కావున పనులవారీగా అడుగవలెను. ఎన్ని ఎకరములు వేసితిరి, ఎన్ని కిలోలు పండినవి, ఎంతకు అమ్మితిరి, విత్తనమునకు, ఎరువులకు, మందులకు, కూలికి, కోతకు ఎంత ఖర్చయినది అని విడివిడిగా అడుగుడు. బస్తా తూకము ఊరికొక రీతిగా ఉండును గనుక కిలోలలోనే వ్రాసికొనవలెను.

ఈ క్రిందివి ఆదాయములో చేర్చవలెను.

1. అమ్మిన పంట విలువయు, ఇంటి తిండికి ఉంచుకొన్న గింజల విలువయు. తిండి గింజలకు కళ్ళము వద్ద ధర కట్టవలెను.
2. పాలు, గొర్రెలు, కోళ్ళ వలన వచ్చినది. ఇందులో మేత, దాణా ఖర్చులు తీసివేయవలెను.
3. ఇంటిలోని ప్రతివారి కూలి, జీతము. ఆడవారి కూలి, ఉపాధి హామీ పని డబ్బులు మరువరాదు. పాడి, కూలి సంగతులు ఇల్లాలిని అడిగి వ్రాసికొనుట మేలు.
4. దుకాణము, ఆటో, కుట్టుపని, కల్లుగీత వంటి వృత్తుల వలన మిగిలినది.
5. పట్టణమునందు గాని విదేశమునందు గాని ఉన్నవారు పంపిన సొమ్ము.
6. పింఛన్లు, 2019లో మొదలైన పి.ఎం. కిసాన్ క్రింద సంవత్సరమునకు వచ్చు 6,000 రూపాయలు వంటివి. వీటిని వేరే గడిలో వ్రాయవలెను. సొంత రాబడి ఎంత, సర్కారు ఇచ్చినది ఎంత అని విడదీసి చూచుటకు ఇది అవసరము.

కౌలుదారు చెల్లించిన కౌలు, ధాన్యమైనను రొక్కమైనను, అతని ఖర్చులో వ్రాయవలెను. అదే సొమ్ము భూమి యజమాని ఊరిలో ఉన్నచో అతని ఆదాయములో చేరును. అప్పుగా తెచ్చినది ఆదాయము కాదు. పొలము, బంగారము అమ్మగా వచ్చినదియు ఏటి ఆదాయము కాదు. వాటిని చేర్చినచో, కష్టకాలమున ఎద్దులను, పుస్తెలను అమ్ముకొన్న ఇల్లు లెక్కలో బాగుపడినట్లు కనబడును.

ప్రతి ఇంటికి ఒక అంకె వేసి, కాగితముపై ఆ అంకె మాత్రమే వ్రాయవలెను. పేరు, లెక్క రెండును ఒకేచోట ఉండరాదు. ఒక ఇంటి లెక్క ఒకసారి బయటపడినచో మరుసటి ఏడు ఎవరును నిజము చెప్పరు.

నడిమి ఇంటిని గుర్తించుట

41 ఇండ్ల ఆదాయములను తక్కువ నుండి ఎక్కువకు వరుసగా వ్రాసినచో 21వ ఇల్లు నడిమి ఇల్లు. దానితోపాటు 11వ ఇంటిని, 31వ ఇంటిని కూడ గుర్తించి ఉంచుడు. 11వ ఇల్లు పేదవారి స్థితిని, 31వ ఇల్లు కలవారి స్థితిని చెప్పును. నడిమి ఇల్లు పైకి పోవుచు 11వ ఇల్లు క్రిందికి దిగుచున్నచో ఊరిలో కొందరు వెనుకబడుచున్నారని అర్థము.

కచ్చితమైన అంకె చెప్పుటకు ఇష్టపడని ఊరిలో తరగతులు వేసి అడుగవచ్చును. 41 ఇండ్లలో 60 వేల లోపు 8, 60 నుండి 90 వేల వరకు 10, 90 నుండి 120 వేల వరకు 12, ఆపైన 11 ఇండ్లు వచ్చినవనుకొనుడు. 41లో సగము 20.5. మొదటి రెండు తరగతులలో 18 ఇండ్లు పోయినవి. ఇంక 2.5 ఇండ్లు కావలెను. మూడవ తరగతిలో 12 ఇండ్లు, దాని వెడల్పు 30 వేలు. 2.5ను 12 చేత భాగించి 30 చేత గుణించినచో 6.25 వచ్చును. కావున మధ్యగతము 90 వేలకు 6.25 వేలు కలుపగా 96,250 రూపాయలు. ఇక్కడ ఒక సౌకర్యము కలదు. పై తరగతివారు తమ పూర్తి లెక్క చెప్పకున్నను మధ్యగతము చెడదు. వారు 120 వేలకు పైన ఉన్నారని తెలిసిన చాలును.

ఐతే 41 ఇండ్లను చూచి 410 ఇండ్ల సంగతి చెప్పునప్పుడు కొంత ఎచ్చుతగ్గు తప్పదు. దానికి హద్దు ఇట్లు తెలిసికొనవచ్చును. వరుసలో 14వ ఇంటి ఆదాయము, 28వ ఇంటి ఆదాయము చూడుడు. ఊరి అసలు మధ్యగతము ఈ రెండింటి నడుమ ఉండుటకు నూటికి 95కు పైగా అవకాశము కలదు. ఐదేండ్ల తరువాత వచ్చిన కొత్త అంకె పాత హద్దులలోనే పడినచో, తొందరపడి పెరిగినదనిగాని తరిగినదనిగాని చాటరాదు.

ధరల తేడా తీసివేయుట

ఆరేండ్ల క్రితము మధ్యగతము 90,000 రూపాయలు, ఇప్పుడు 1,26,000 రూపాయలు అనుకొనుడు. చూచుటకు 40 శాతము పెరిగినది. కాని ఆ కాలమున ధరల సూచీ 100 నుండి 140కి పెరిగినచో, 1,26,000ను 100 చేత గుణించి 140 చేత భాగింపవలెను. వచ్చునది 90,000. అనగా ఆ ఇంటివారు అప్పుడు ఎంత కొనగలిగిరో ఇప్పుడును అంతే కొనగలరు.

ఇందుకు కేంద్ర కార్మిక బ్యూరో నెలనెలా ప్రకటించు వ్యవసాయ కార్మికుల వినియోగ ధరల సూచీని వాడవచ్చును. ఇది రాష్ట్రములవారీగా లభించును. చాలకాలము 1986-87 మూలముగా నడిచిన ఈ సూచీకి 2019 మూలముగా కొత్త వరుస 2025లో వచ్చినది. పాత అంకెను కొత్త అంకెతో నేరుగా పోల్చరాదు. రెండు వరుసలను కలుపుటకు ఇచ్చిన గుణకమును వాడవలెను.

ఏండ్ల తరబడి పోల్చునప్పుడు జాగ్రత్తలు

వానను నమ్ముకొన్న ఊరిలో ఒక్క ఏటి లెక్కను నమ్మరాదు. ధరల తేడా తీసివేసిన పిదప మూడేండ్ల మధ్యగతములు 96, 78, 105 వేలు అనుకొనుడు. రెండవది వానలు లేని ఏడు. మరికొన్నేండ్లకు 102, 110, 94 వేలు. కరవు ఏటి 78ని, మంచి ఏటి 110ని పట్టుకొన్నవాడు 41 శాతము పెరిగినదనును. మూడేసి ఏండ్లను కలిపి చూచినవాడు 93 నుండి 102కు, అనగా సుమారు 10 శాతమే పెరిగినదనును. ఈ రెండవ మాటయే నమ్మదగినది. అందుచేత లెక్క పుస్తకములో ప్రతి ఏటి పక్కన ఊరిలో కురిసిన వాన, చెరువు నిండినదా లేదా అను సంగతి, ప్రధాన పంట ధర వ్రాసి ఉంచవలెను.

ఇండ్లు విడిపోవుట మరియొక చిక్కు. తండ్రియు ఇద్దరు కొడుకులును కలిసియున్న ఇంటికి 2,10,000 రూపాయలు వచ్చుచుండెననుకొనుడు. వేరుపడిన పిదప మూడిండ్లకు తలా 70,000. ఎవరి తిండియు తగ్గలేదు. కాని ఇంటి లెక్కలో మూడు పేద ఇండ్లు పుట్టినవి. ఇట్టివి ఊరిలో ఎక్కువైనచో మధ్యగతము ఊరకనే పడిపోవును. కావున ప్రతి ఇంటిలో ఎందరు మనుషులున్నారో వ్రాసి, ఇంటి ఆదాయముతోపాటు తల ఒక్కింటికి ఆదాయమునకు కూడ మధ్యగతము కట్టవలెను. రెండును ఒకే దిక్కునకు కదలినప్పుడే గట్టిగా చెప్పవచ్చును.

మొదటి ఏడు ఎన్నుకొన్న ఇండ్లనే ఏటేటా చూచినచో ఆ ఇండ్ల మార్పు చక్కగా తెలియును. కాని కొత్తగా కాపురము పెట్టినవారు, బయటినుండి వచ్చి స్థిరపడినవారు అందులో చేరరు. కావున ఐదేండ్లకొకసారి ఇండ్ల జాబితాను తిరిగి వ్రాసి, కొత్త ఇండ్ల నుండి కూడ పదింటికి ఒకటి చొప్పున చేర్చుకొనవలెను.

మొదలుపెట్టుట

ఈ పనికి పెద్ద యంత్రములు అక్కరలేదు. ఒక గట్టి బౌండు పుస్తకము, చదువుకొన్న యువకులు ఇద్దరు ముగ్గురు, పొదుపు సంఘములో లెక్కలు వ్రాయు ఒకరిద్దరు సోదరీమణులు ఉన్న చాలును. ఖరీఫు ముగిసిన పిదప ఒకసారి, రబీ కోతల పిదప ఒకసారి, వేసవి చివర ఒకసారి ఇండ్లకు పోవలెను. ఏడాది చివర ఇండ్ల పేర్లు లేకుండ మూడు అంకెలు, అనగా 11వ ఇల్లు, 21వ ఇల్లు, 31వ ఇల్లు, గ్రామసభలో చదివి వినిపింపవలెను. పంట, పాడి, కూలి, పంపిన సొమ్ము, సర్కారు సాయము ఒక్కొక్కటి ఎంత వంతు అనునదియు చెప్పవలెను.

ఊరిలో కొత్తగా లేచిన మిద్దె దానంతటదే కనబడును. నడిమి ఇల్లు అట్లు కనబడదు. దానిని వెదకి పట్టుకొనవలెను. చెరువు పనికైనను, పశువుల రుణమునకైనను దరఖాస్తు వ్రాయునప్పుడు "మా ఊరి నడిమి ఇంటికి మూడేండ్లుగా ఇంత వచ్చుచున్నది, అందులో పంట వంతు ఇంత, పంట వంతు తగ్గుచున్నది" అని అంకెలతో చెప్పగల ఊరి మాటకు బలముండును. ఈ జూన్‌లో తొలకరి పడక మునుపే జాబితా వ్రాయుట మొదలుపెట్టుడు.